ఇంట్లో చేసిన జనరేటర్ నిజంగా ఎన్ని వాట్లు ఇస్తోంది? కొలిచే పద్ధతి

పాత సీలింగ్ ఫ్యాన్ రోటర్‌కు (తిరిగే భాగానికి) అయస్కాంతాలు అతికించి తిప్పితే మీటరు మీద 120 వోల్టులు కనిపిస్తాయి. చుట్టూ ఉన్నవాళ్లు "ఇంకేం, ఇంటికి కరెంటు వచ్చేసినట్టే" అంటారు. అదే వైర్లకు 12 వోల్టుల కారు హెడ్‌లైట్ బల్బు తగిలించి చూడండి. అది వెలగదు, మీటరేమో ఒక వోల్టు కూడా చూపదు. ఫ్యాన్ చెడిపోలేదు, మీటరూ అబద్ధం చెప్పలేదు. లోడు లేనప్పుడు కనిపించే వోల్టేజికీ, జనరేటర్ చేయగల పనికీ సంబంధం చాలా తక్కువ. లోడు పెట్టి, వేగం నిలిపి, అప్పుడు కొలిచిందే లెక్క.

ఇక్కడ ఉదాహరణగా సీలింగ్ ఫ్యాన్ జనరేటర్‌నే తీసుకుంటున్నాం. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా పాతసామాన్ల కొట్లో అందరికీ సులువుగా దొరికేది అదే. చెరువుల ఏరేటర్ మోటారుతో చేసినా, వాషింగ్ మిషన్ మోటారుతో చేసినా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి.

ముందు మూడు జాగ్రత్తలు

ఒకటి. 120 వోల్టులు చిన్న విషయం కాదు. తిరుగుతున్నప్పుడు తీగలు ముట్టుకోవద్దు. క్లిప్పులు మార్చాలంటే తిరగడం ఆపి మార్చండి. పొలంలో తడి కాళ్లతో, చెరువు గట్టు మీద చెప్పుల్లేకుండా ఈ పని అసలు వద్దు.

రెండు. దీన్ని ఇంటి వైరింగ్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు. కరెంటు పోయినప్పుడు "కాసేపు ప్లగ్గులో గుచ్చి చూద్దాం" అనిపిస్తుంది. ఆ కరెంటు మీటరు దాటి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురెక్కితే, అక్కడ వోల్టేజి వేలల్లోకి మారుతుంది. లైను ఆపేశామన్న ధీమాతో పైకెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

మూడు. లుంగీ, పంచె, చున్నీ, పొడుగు చేతుల చొక్కా బెల్టు దగ్గరికి రాకూడదు.

సామాన్లు

మల్టీమీటరు ఒకటి సరిపోదు, రెండుండాలి. చవక రకం పసుపుపచ్చ డీటీ 830 మీటర్లో ఏసీ వోల్టేజికి 200, 750 అనే రెండు రేంజిలే ఉంటాయి. ఏసీ కరెంటు కొలిచే రేంజి అందులో ఉండదు. ఏసీని డీసీ 10 ఆంప్స్ రేంజిలో పెట్టి, సున్నా వచ్చిందని జనరేటర్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది. రెండో మీటరైనా ట్రూ ఆర్‌ఎంఎస్ రకం (అల ఏ ఆకారంలో ఉన్నా అసలు విలువ చూపేది) తీసుకోండి, ఫ్రీక్వెన్సీ చూపేదైతే ఇంకా మంచిది. చవక మీటరు సగటును కొలిచి, వచ్చేది నికరమైన సైన్ వేవ్ అనుకుని దాన్ని ఆర్‌ఎంఎస్‌గా మార్చి చూపుతుంది. ఇంట్లో అతికించిన అయస్కాంతాల నుంచి అంత నికరమైన అల రాదు. అల చతురస్రంగా ఉంటే మీటరు 11 శాతం ఎక్కువ చూపుతుంది. వాట్లు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటాయి కనుక అక్కడ తప్పు 23 శాతానికి చేరుతుంది.

లోడుకు తెల్లటి సిమెంటు రెసిస్టర్లు 10 కొనండి. ఒక్కొక్కటి 100 ఓంలు, 10 వాట్లు ఉండాలి. లోడుగా బల్బులు పనికిరావు. ఫిలమెంటు బల్బు చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్, వెలిగేటప్పటి రెసిస్టెన్స్‌లో పదో వంతే ఉంటుంది. మీరు కొలుస్తుండగానే లోడు మారిపోతుంటే ఏ అంకెనని నమ్ముతారు? ఎల్‌ఈడీ బల్బులైతే మరీ దారుణం, వాటిలో ఎలక్ట్రానిక్ డ్రైవరు ఉంటుంది.

ఇవి కాక వేగం కొలిచే టాకోమీటరు ఒకటి, మూటలు తూచే డిజిటల్ కొక్కెం తూకం ఒకటి, కొన్ని క్రొకడైల్ క్లిప్పులు, ఒక నోటు పుస్తకం.

తిప్పకముందు చేయాల్సిన కొలత

ఫ్యాన్‌లో రెండు వైండింగులు (రాగి తీగ చుట్లు) ఉంటాయి: రన్నింగ్, స్టార్టింగ్. బయటికి వచ్చే మూడు తీగల్లో ఒకటి రెండింటికీ ఉమ్మడి. మీటరును 2000 ఓంల రేంజిలో పెట్టి మూడు జతలూ కొలవండి. అన్నిటికంటే పెద్ద అంకె చూపిన జతలో ఉమ్మడి తీగ లేదని అర్థం. మిగిలిన రెండు అంకెల మొత్తం దానికి సమానంగా రావాలి. రాకపోతే లోపల తీగ ఎక్కడో కాలి టచ్ అయిందన్నమాట, మోటార్ వైండింగ్ చేసేవాళ్లకు చూపించండి. ప్రతి తీగకూ బాడీకీ మధ్య కూడా చూడాలి, అక్కడ మీటరు ఏమీ చూపకూడదు. వైండింగ్ కొట్లో ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ ఉంటే 500 వోల్టుల మీద ఒకసారి చూపించుకోవడం ఇంకా మేలు.

ఈ రెసిస్టెన్స్ అంకెను పుస్తకంలో మొదటి లైనులో రాయండి. జనరేటర్ జాతకం చాలావరకు ఇందులోనే ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండేందుకు రన్నింగ్ వైండింగ్ 200 ఓంలు అనుకుందాం. ముందు ఆ ఒక్క వైండింగే కొలుద్దాం, రెండోదాని తీగ చివరకు టేపు చుట్టి వదిలేయండి.

వేగం నిలపడం

చేత్తో తిప్పితే కొలత కాదు, ఆట అవుతుంది. డ్రిల్లింగ్ మిషన్ పెట్టినా లోడు పడగానే వేగం తగ్గుతుంది. పైగా 300 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) లాంటి తక్కువ వేగంలో దాని సొంత ఫ్యాన్ గాలి చాలక పది నిమిషాలకే వేడెక్కి వాసనొస్తుంది. అర హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం సింగిల్ ఫేజ్ మోటారు పెట్టి, దానికి 2 అంగుళాల పుల్లీ, ఫ్యాన్ రెక్కలు బిగించే చోట 10 అంగుళాల పుల్లీ వేస్తే వేగం 288 నుంచి 298 మధ్య నిలుస్తుంది. ఇండక్షన్ మోటారు కనుక ఇంత చిన్న లోడుకు అది పెద్దగా కుంగదు.

టాకోమీటరుకు వెండిరంగు స్టిక్కరు ముక్క అతికించి వేగం చూడండి. ఎల్‌ఈడీ దీపం కింద మాత్రం చూడవద్దు. కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, మీటరు దాన్నే లెక్కపెట్టి 6000 అని చూపుతుంది. అనుమానమొస్తే ఫ్రీక్వెన్సీతో సరిచూసుకోవచ్చు. ఫ్రీక్వెన్సీని 120తో గుణించి పోళ్ల (అయస్కాంత ధ్రువాల) సంఖ్యతో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 14 అయస్కాంతాలు ఉత్తరం, దక్షిణం మార్చి మార్చి అతికించి ఉంటే 14 పోళ్లు. 300 ఆర్‌పీఎం దగ్గర మీటరు 35 హెర్ట్జ్ చూపాలి. చూపకపోతే ఒక అయస్కాంతం తిరగబడి అతుక్కుని ఉండొచ్చు. అయస్కాంతాలు స్టేటర్ (వైండింగులుండే, తిరగని భాగం) పోళ్ల సంఖ్యకు సరిపోకపోయినా తేడా వస్తుంది, వోల్టేజీ బాగా పడిపోతుంది.

కచ్చితంగా 300 దగ్గర నిలపలేకపోతే నిలిచిన వేగంలోనే కొలిచి లెక్కతో సరిచేయండి. లోడు మారనప్పుడు వోల్టేజి వేగంతో పాటు పెరుగుతుంది, వాట్లు వేగం వర్గంతో పెరుగుతాయి. 290 దగ్గర కొలిస్తే వచ్చిన వాట్లను 1.07తో గుణించండి.

లోడు పెట్టి కొలవడం

అసలు పని ఇక్కడుంది. మొదట లోడు లేకుండా 300 ఆర్‌పీఎం దగ్గర వోల్టేజి రాసుకోండి. 120 వచ్చిందనుకుందాం. తరువాత రెసిస్టర్లను ఐదు రకాలుగా కలిపి ఒక్కో దఫా కొలవాలి.

పదీ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపితే 1000 ఓంలు. నాలుగు సిరీస్‌లో కలిపితే 400. ఇక్కడి వరకు అందరూ చేస్తారు. 200 ఓంలకు మాత్రం రెండు రెసిస్టర్లు కలిపి ఊరుకోకండి, ఒక్కొక్కదాని మీద 9 వాట్లు పడతాయి. 10 వాట్ల రెసిస్టరు 9 వాట్లకు చేయి పెట్టలేనంత కాలుతుంది, కింద ప్లాస్టిక్ ఉంటే కరుగుతుంది. నాలుగేసి కలిపిన రెండు వరుసలు చేసి వాటిని ప్యారలల్‌గా (రెండు కొసలూ జతచేసి, పక్కపక్కనే) కలపండి. అప్పుడూ 200 ఓంలే, కానీ ఒక్కొక్కదాని మీద రెండుంపావు వాట్లే. 100 ఓంలకు రెండేసి కలిపిన రెండు వరుసలు, 50 ఓంలకు రెండు రెసిస్టర్లు ప్యారలల్‌గా. ప్రతి కలయికనూ మీటరుతో కొలిచి అసలు అంకె రాసుకోండి, ఈ రెసిస్టర్లు 5 శాతం అటూ ఇటూ ఉంటాయి.

కరెంటు కొలవాల్సిన పని లేదు. రెసిస్టరు కొసల మధ్య వోల్టేజిని దానితోనే గుణించి ఓంలతో భాగిస్తే వాట్లు వచ్చేస్తాయి. కొలిచే చోటు ముఖ్యం. మీటరు ముళ్లు రెసిస్టరు కాళ్ల మీదే ఉండాలి, జనరేటర్ దగ్గర కాదు. సన్న తీగలు, వదులు క్లిప్పులు మింగే వోల్టులు లెక్కలో పడకూడదు.

మన 120 వోల్టులు, 200 ఓంల ఫ్యాన్‌కు లెక్క ప్రకారం ఇలా రావాలి:

1000 ఓంలు: 100 వోల్టులు, 10 వాట్లు
400 ఓంలు: 80 వోల్టులు, 16 వాట్లు
200 ఓంలు: 60 వోల్టులు, 18 వాట్లు
100 ఓంలు: 40 వోల్టులు, 16 వాట్లు
50 ఓంలు: 24 వోల్టులు, 11.5 వాట్లు

వాట్లు పెరిగి, 200 దగ్గర ఆగి, మళ్లీ తగ్గాయి చూశారా? లోడు రెసిస్టెన్స్ వైండింగ్ రెసిస్టెన్స్‌కు సమానమైనప్పుడు అత్యధిక వాట్లు వస్తాయి. అప్పుడు వోల్టేజి సగానికి పడిపోతుంది, పుట్టిన వాట్లలో సగం వైండింగ్‌ను వేడి చేయడానికే పోతాయి. అంటే ఈ ఫ్యాన్ నుంచి 300 ఆర్‌పీఎం దగ్గర ఒక వైండింగ్ మీద 18 వాట్లకు మించి ఎవరూ లాగలేరు. 120 వోల్టులు చూసి కిలోవాట్ లెక్కలు వేసేవాళ్లకు ఈ ఐదు లైన్లు చూపించండి.

మీ అంకెలు వీటికంటే తక్కువ రావడం మామూలే. కాయిల్‌కు రెసిస్టెన్స్‌తో పాటు ఇండక్టెన్స్ కూడా ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది. ఎక్కువ వచ్చాయంటే మాత్రం సంతోషించకండి, ఎక్కడో తప్పు కొలిచారు. మొదట చూడాల్సింది మీటరు నాబ్. డీసీగా మార్చిన కరెంటును ఏసీ రేంజిలో కొలిస్తే చవక మీటరు ఒకవైపు దాదాపు రెట్టింపు చూపుతుంది. ముళ్లు తిరగేసి పెడితే సున్నా చూపుతుంది. ఆ లక్షణం కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఒక్కో లోడు మీద పది నిమిషాలు తిప్పి, మొదటి నిమిషంలోనూ పదో నిమిషంలోనూ రాసుకోండి. రెండో అంకె తగ్గుతుంది. రాగి తీగ రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 200 ఓంలున్న వైండింగ్, 80 డిగ్రీలకు దాదాపు 238కి చేరుతుంది. మే నెలలో కనిగిరి ఎండలో రేకుల షెడ్డు కింద పెట్టి తిప్పితే ఇంకా త్వరగా వేడెక్కుతుంది. మామూలు గ్రేడ్ నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి, చల్లారాక కూడా అది తిరిగి రాదు. నిలకడగా ఇచ్చే వాట్లు అంటే పదో నిమిషం అంకె, మొదటిది కాదు.

తీగ చుట్టూ దవడ పట్టించి కొలిచే క్లాంప్ మీటరు ఉంటే కరెంటు కూడా సరిచూసుకోవచ్చు. 0.3 ఆంప్స్ దానికి చాలా చిన్నది, తప్పుగా చూపుతుంది. అదే తీగను దవడ చుట్టూ 10 చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించండి. చవక క్లాంపులు ఏసీ మాత్రమే కొలుస్తాయి, డీసీ తీగ మీద పెడితే ఏమీ చూపవు.

డీసీగా మార్చి, బ్యాటరీకి పెట్టినప్పుడు

రెండు వైండింగులనూ వాడాలంటే ఒక్కోదానికి వేరే బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల కూర్పు) కావాలి, అప్పుడే వాటి డీసీ కొసలను సిరీస్‌లో కలపగలం. ఫ్యాన్‌లో ఉమ్మడి తీగ ఉన్నందున నేరుగా రెండు బ్రిడ్జిలు పెట్టి అలా కలిపితే షార్టు అవుతుంది. ముందు ఫ్యాన్ విప్పి ఆ ఉమ్మడి జాయింటును విడదీయాలి, ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. బ్రిడ్జ్‌లో ఎప్పుడూ రెండు డయోడ్లు దారిలో ఉంటాయి, ఒకటిన్నర నుంచి రెండు వోల్టులు అక్కడే పోతాయి. 60 వోల్టుల దగ్గర ఇది పట్టించుకోనక్కర్లేదు, 12 వోల్టుల జనరేటర్‌కు పెద్ద నష్టం.

సింగిల్ ఫేజ్‌ను డీసీ చేసి, కెపాసిటర్ లేకుండా రెసిస్టరు మీద సగటు వోల్టేజి, సగటు కరెంటు గుణిస్తే అసలు వాట్లలో 81 శాతమే వస్తాయి. త్రీ ఫేజ్ బ్రిడ్జ్‌కు ఈ ఇబ్బంది లేదు, అక్కడ అల దాదాపు చదునుగా ఉంటుంది. కెపాసిటర్ పెట్టి చదును చేద్దామనుకుంటే దాని వోల్టేజి రేటింగ్ చూడండి. 63 వోల్టులది పెట్టి లోడు తీసేస్తే వోల్టేజి ఒక్కసారిగా పైకి ఎగిరి కెపాసిటర్ టపాసులా పేలుతుంది.

బ్యాటరీ మీద లెక్క సులువు. బ్యాటరీ వోల్టేజి పెద్దగా కదలదు కనుక డీసీ మీటరు చూపే సగటు కరెంటును దానితో గుణిస్తే చాలు. చేదు సంగతేమిటంటే ఈ ఫ్యాన్‌ను నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి పెడితే అర ఆంప్ అటూ ఇటూగా పోతుంది, 6, 7 వాట్లకు మించి ఎక్కవు. 60 వోల్టుల దగ్గర హాయిగా పనిచేసే జనరేటర్‌ను బ్యాటరీ 13 వోల్టుల దగ్గర కట్టేస్తుంది. మధ్యలో డీసీ కన్వర్టర్ పెట్టాలి, లేదా వైండింగ్‌ను లావు తీగతో తక్కువ చుట్లతో మళ్లీ చుట్టించాలి.

కరెంటు కొలిచేటప్పుడు ఎర్ర ముల్లు 10 ఆంప్స్ రంధ్రంలో ఉంటుంది. పని కాగానే దాన్ని తీసి వోల్టుల రంధ్రంలో పెట్టండి. మరిచిపోయి అదే స్థితిలో బ్యాటరీ వోల్టేజి చూస్తే మీటరే షార్టు తీగ అవుతుంది. చవక మీటర్లలో చాలావాటికి ఆ రంధ్రానికి ఫ్యూజ్ కూడా ఉండదు.

ఎంత పెడితే ఎంత వచ్చింది

వచ్చింది కొలిచి పెట్టింది కొలవకపోతే, "నూటికి నూట పది వస్తోంది" అనే మాటలు అక్కడే పుడతాయి. డ్రైవ్ మోటారు తీసుకునే వాట్లు కొలిస్తే అందులో మోటారు నష్టాలు, బెల్టు నష్టాలు కూడా కలిసిపోతాయి. నేరుగా షాఫ్ట్ బలమే కొలవండి.

సీలింగ్ ఫ్యాన్ ఇందుకు భలే అనువైనది. దాని షాఫ్ట్ స్టేటర్‌తో కలిసి ఉంటుంది, తిరిగేది బయటి డొప్ప. షాఫ్ట్‌ను గట్టిగా బిగించకుండా రెండు పిల్లో బ్లాక్ బేరింగుల్లో వదులుగా కూర్చోబెట్టండి. దానికి అడ్డంగా ఒక పట్టీ బిగించి, షాఫ్ట్ మధ్య నుంచి సరిగ్గా 30 సెంటీమీటర్ల దగ్గర రంధ్రం వేసి కొక్కెం తూకం తగిలించండి. డొప్ప తిరుగుతుంటే స్టేటర్ కూడా వెంట తిరగాలని చూస్తుంది, పట్టీ తూకాన్ని లాగుతుంది. పట్టీ అడ్డంగా, తూకం నిలువుగా ఉండాలి. ఆపి ఉన్నప్పుడు తూకాన్ని సున్నా చేయండి. కరెంటు తీగలు వదులుగా వేలాడాలి, బిగిసి ఉంటే అవే పట్టీని పట్టుకుంటాయి. చదివే ముందు పట్టీని వేలితో ఒకసారి తట్టండి, బేరింగ్ పట్టు వదులుతుంది.

కిలోలను మీటర్లతో, ఆర్‌పీఎంతో, 1.027తో గుణిస్తే వాట్లు. లోడు లేకుండా 300 ఆర్‌పీఎం దగ్గర తూకం 30 గ్రాములు చూపితే 2.8 వాట్లు, అది బేరింగు, ఇనుము తినే వాటా. 200 ఓంల లోడు పెట్టగానే 420 గ్రాములకు వెళ్తే 38.8 వాట్లు. ఇందులో 18 లోడుకు వచ్చాయి, ఇంకో 18 వైండింగ్‌లో కాలాయి, 2.8 రాపిడికి పోయాయి. మూడూ కలిపితే 38.8. ఖాతా ఇలా కుదిరితే మీ కొలతలన్నీ సరైనవే. సామర్థ్యం 46 శాతం. 400 ఓంల లోడుకు మారితే వాట్లు రెండు తగ్గినా సామర్థ్యం దాదాపు 60 శాతానికి చేరుతుంది. గాలి ఊరికే వస్తుంది కదా అని ఎప్పుడూ అత్యధిక వాట్ల దగ్గరే నడపకూడదు అనడానికి ఇదే కారణం.

ఫ్లైవీల్ పెట్టి "మోటారు ఆపేసినా కరెంటు వస్తూనే ఉంది" అని చూపించే ప్రయోగాలు ఉంటాయి. 20 కిలోల, 20 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం 300 ఆర్‌పీఎం దగ్గర దాచుకునేది దాదాపు 197 జౌళ్లు. 20 వాట్ల లోడును అది పది సెకన్లు నడుపుతుంది. ఆ పది సెకన్లకే వీడియో ఆపేస్తారు.

నీళ్లతో సాక్ష్యం

అల వంకరగా ఉండి, స్పైకులు వచ్చి, ఏ మీటరు మాట నమ్మాలో తెలియనప్పుడు నీళ్లను అడగండి. ఏ అల వచ్చినా వేడి వేడే. కప్పులో టీ నీళ్లు కాచుకునే 250 వాట్ల చిన్న హీటర్ రాడ్డు దొరుకుతుంది. 230 వోల్టులకు చేసింది కనుక దాని రెసిస్టెన్స్ దాదాపు 211 ఓంలు, మన ఫ్యాన్‌కు అచ్చంగా సరిపోయే లోడు. వెడల్పు మూతి ఫ్లాస్కులో అర లీటరు నీళ్లు కొలిచి పోసి, రాడ్డు మీది గీత వరకు మునిగేలా చూడండి. నీళ్లు గది వేడికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. మొదట్లో గది నుంచి వచ్చే వేడి, చివర్లో బయటికి పోయే వేడి ఒకదానికొకటి సరిపోతాయి. పది నిమిషాలు నడిపి, ఆపి, కలిపి, థర్మామీటరు చూడండి. జ్వరం చూసేది పనికిరాదు, 0.1 డిగ్రీ చూపే ప్రోబ్ రకం కావాలి. తిరుగుతున్నంతసేపూ నీళ్లలో వేలు పెట్టవద్దు.

లీటరు నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి 4186 జౌళ్లు పడుతుంది. అర లీటరు 5.1 డిగ్రీలు పెరిగితే 10,674 జౌళ్లు, 600 సెకన్లతో భాగిస్తే 17.8 వాట్లు. వోల్టేజి లెక్క 18 అంటోంది, నీళ్లు 17.8 అంటున్నాయి. ఫ్లాస్కు గోడ తాగిన వేడిని లెక్కలో వేసుకుంటే ఇది మంచి పొంతన. మీటరు 40 అని, నీళ్లు 18 అంటే నీళ్ల మాటే నమ్మండి.

గాలికి ఎత్తినప్పుడు

మైపాడు, కొత్తపట్నం వైపు మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి బాగా వస్తుంది. అక్కడ కొలిచే ముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. 1.2 మీటర్ల వ్యాసం రెక్కలకు, సెకనుకు 5 మీటర్ల గాలిలో ఉండే శక్తి మొత్తం 81 వాట్లు. ఏ రెక్కలైనా అందులో 59.3 శాతానికి మించి తీసుకోలేవు. ఇంట్లో చెక్కిన రెక్కలు పాతిక శాతం తీస్తే గొప్పే, అంటే 20 వాట్లు. మన ఫ్యాన్‌కు 300 ఆర్‌పీఎం దగ్గర లోడుతో 38.8 వాట్లు కావాలి. కనుక 5 మీటర్ల గాలికి ఆ వేగం అందదు, 6 మీటర్లకు కూడా 35 దగ్గరే ఆగుతుంది. బల్ల మీద 18 వాట్లు ఇచ్చిన జనరేటర్ డాబా మీద 8 వాట్లు ఇస్తే కంగారుపడవద్దు.

గాలి వేగం కొలిచే మీటరును పిట్టగోడ మీద పెట్టవద్దు, అక్కడ గాలి సుడులు తిరుగుతుంది. రెక్కల ఎత్తులోనే, వాటికి పక్కగా ఉండాలి. ఒక్క విసురు చూసి రాసుకోవద్దు, పది నిమిషాల సగటు తీయండి. గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది కనుక ఒక విసురు లెక్కంతా తారుమారు చేస్తుంది. రోజు మొత్తం మీద ఎంత వచ్చిందో తెలియాలంటే వాట్-అవర్లు కూడేసే డీసీ మీటరు పెట్టండి. ఇంటి ప్లగ్గు మీద పెట్టే వాట్ మీటర్లు ఇక్కడ పనిచేయవు. అవి 50 హెర్ట్జ్ చుట్టుపక్కల, 80 వోల్టులకు పైన వాడడానికి చేసినవి, మన 35 హెర్ట్జ్, 60 వోల్టుల దగ్గర వాటి అంకెకు విలువ లేదు.

తీరంలో నెల తిరక్కుండానే టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. వాట్లు మెల్లగా తగ్గుతూ వస్తుంటే అయస్కాంతాలను అనుమానించే ముందు జాయింట్లు గీకి, బిగించి, వాజలిన్ పూసి మళ్లీ కొలవండి. తీగ తీసి వైండింగ్ రెసిస్టెన్స్ కూడా చూడండి, మొదటి రోజు పుస్తకంలో రాసుకున్న 200 అప్పుడు పనికొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరిక వస్తే రెక్కలు దించేయండి. తీగలు షార్టు చేస్తే ఆగిపోతుందిలే అనుకోవద్దు. 200 ఓంల వైండింగ్ 300 ఆర్‌పీఎం దగ్గర షార్టులో పట్టి ఆపగలిగేది 72 వాట్లే. సెకనుకు 15 మీటర్ల గాలి అదే రెక్కలకు ఐదు వందల వాట్లకు పైగా ఇస్తుంది.